నాటకాలు, స్క్రిప్టులు రాసుకుంటూ, రాయడం నేర్పుకుంటూ బతకొచ్చా? అలా బతుకుతున్నవాడి జవాబు

తమ్ముడు అడిగిందేంటో ముందు రెండు ముక్కల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. వయసు 29, ఏలూరులో బ్యాంకు ఉద్యోగం, రెండు నాటికలు రాశాడు, అందులో ఒకదానికి పరిషత్తులో, అంటే నాటక పోటీల్లో, ద్వితీయ ఉత్తమ రచన వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చి సినిమా రైటర్ అవుదామని ఉంది, అవకాశం వచ్చేదాకా స్క్రీన్‌ప్లే క్లాసులు చెప్పుకుంటే ఖర్చులు వెళ్ళిపోతాయా, అని. చివర్లో ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయాలో కూడా అడిగాడు.

వెళ్ళవు తమ్ముడూ. ఇది ముందే చెప్పేస్తున్నా, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను మొదటి నాటిక 1998లో రాశా, హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుంది 2003లో, క్లాసులు మొదలెట్టింది 2012 తర్వాత. లెక్క దాచకుండా చెప్తా. గత పదేళ్ళలో నాకొచ్చిన డబ్బుల్లో ఎక్కువ భాగం డైలీ సీరియళ్ళది, తర్వాత క్లాసులది, సినిమా వాటా మీరు ఊహించుకున్నదాంట్లో పావు వంతు కూడా ఉండదు. నాటకం వాటా అంటారా, నాటకం నాకిచ్చిన దానికంటే నాటకానికి నేను పెట్టిందే ఎక్కువ అని మా ఆవిడ దగ్గర లెక్కుంది, నోట్‌బుక్ కూడా ఉంది, దాని జోలికి మనం పోవద్దు.

అయినా సరే, ముందు మాట్లాడాల్సింది నాటకం గురించే, ఎందుకంటే మీకు చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్నే మీరు మెట్టు అనుకుంటున్నారు, ఎక్కేసి వదిలేద్దామని.

పరిషత్తు నాటిక సంగతి మీకు తెలిసిందే, చూసేవాళ్ళకి తెలీదు కాబట్టి చెప్తున్నా. సుమారు గంటలో అయిపోవాలి, టైమ్ దాటితే మార్కులు పోతాయి, సెట్టు ఒకటే ఉంటే మంచిది ఎందుకంటే ముందు నాటిక అయ్యాక తర్వాతది మొదలయ్యేలోపు మీ కుర్రాళ్ళే పరిగెత్తి పెట్టుకోవాలి, పాత్రలు ఐదారు మించితే వ్యాను ఖర్చు పెరుగుతుంది, ఆడ పాత్రలు రెండు పెడితే ఆర్గనైజర్ మొహం మాడిపోతుంది. మరి ఆడ ఆర్టిస్టులు చాలామంది దీని మీదే బతికేవాళ్ళు, నాటికకి ఇంత అని మాట్లాడుకుని తెనాలి నుంచో గుంటూరు నుంచో వస్తారు, రెండు మూడు రిహార్సల్స్‌కి మించి డేట్లు ఉండవు. ఇవన్నీ ఇబ్బందులే, కానీ ఇంతకంటే మంచి ట్రైనింగ్ రైటర్‌కి ఎక్కడా దొరకదు అని నా నమ్మకం. గంట, ఒక గది, ఐదుగురు మనుషులు, ముందు కూర్చున్న జనం. బోరు కొడితే దగ్గుతారు, ఇంకా బోరు కొడితే టీకి లేస్తారు. సినిమాలో అది మీకు రిలీజ్ రోజు దాకా తెలీదు, అప్పుడు తెలిసీ చేసేదేం లేదు.

నాకు బాగా తగిలిన దెబ్బ ఒకటి చెప్తా. నా మూడో నాటికలో ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన భార్య చివర్లో మొగుడితో అంటుంది, "నా జీవితమంతా మీ సేవకే అంకితం చేశాను, ఒక్కనాడైనా నన్ను మనిషిగా గుర్తించారా" అని, ఇంకా నాలుగు లైన్లు ఉంది, చప్పట్లు పడతాయని రాసుకున్నా. ఆ వేషం వెయ్యడానికి వచ్చినావిడ రెండో రిహార్సల్‌లో ఆ డైలాగు దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. నోటికి రాలేదేమో అనుకుని ప్రాంప్ట్ చేశా, అంటే పక్కనుంచి మాట అందించా. "వచ్చింది సార్, నాకు మాట రాక కాదు. ఈ మాట అనగలిగిన మనిషైతే ముప్పయ్యేళ్ళు ఈ ఇంట్లో ఎందుకుంటుందండీ, ఎప్పుడో వెళ్ళిపోయేది కదా" అంది. నాకు ముందు కోపం వచ్చింది, ఆవిడ వెళ్ళే బస్సు టైమ్ అయిందని రిహార్సల్ ఆపేశాం. ఆ రాత్రి ఆ ఐదు లైన్లూ కొట్టేశా. బదులుగా సీన్ మొదట్లో ఆవిడ "మందులేసుకున్నారా" అని అడుగుతుంది, ఆయన పేపర్లోంచి తలెత్తడు. చివర్లో, అంతా బయటపడిపోయాక, మళ్ళీ అదే గ్లాసు తెచ్చి "మందులేసుకున్నారా" అంటుంది, ఈసారి ఆయన తలెత్తుతాడు, కానీ ఆవిడ జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోతుంది. కర్టెన్. చప్పట్లు ఎన్ని పడ్డాయో గుర్తులేదు గానీ ఆ పూట ఎవరూ దగ్గలేదు. ఆవిడ స్కూల్ ఫైనల్ కూడా దాటలేదట, నేనేమో ఎమ్మే తెలుగు.

తిరగరాయడం అంటే ఇదీ. మనలో చాలామందికి తిరగరాయడం అంటే అచ్చుతప్పులు దిద్దడం, లేకపోతే డైలాగుకి ఇంకాస్త మసాలా దట్టించడం. కన్యాశుల్కం చూడండి, మొదట ప్రదర్శించింది 1892లో విజయనగరంలో, అచ్చయింది 1897లో, పేరొచ్చింది, జనం మెచ్చుకున్నారు. ఇంకొకరైతే అక్కడితో ఆపేవారు. గురజాడ మళ్ళీ మొత్తం తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు, మనమందరం కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నే. మొదటిదాంట్లో మధురవాణికి అంత చోటు లేదు, రెండోదాంట్లో నాటకం ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. మొదలే గిరీశం ఒంటరిగా వచ్చి తను ఎవరి డబ్బులు ఎలా తగలేశాడో మనకే చెప్పుకుంటాడు, ఈయన ఎలాంటివాడో ఇంకొకరు వచ్చి పరిచయం చెయ్యక్కర్లేదు. నా క్లాసులో మొదటి నెల ఈ రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చదివిస్తా. పిల్లలు ముందు మొహం చిట్లిస్తారు, సార్ మేం సినిమాకి వచ్చాం అని. మూడో వారానికి కొంతమందే మిగులుతారు, ఆ మిగిలినవాళ్ళకే రాయడం వస్తుంది, ఇది నా అనుభవం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

సరే, సినిమా. నాటకం నుంచి సినిమాకి దారి లేదా అంటే, ఎప్పుడూ ఉంది. డి.వి. నరసరాజు గారు నాటకాల నుంచే 1954లో పెద్దమనుషులు సినిమాకి వెళ్ళారు. గణేష్ పాత్రో గారు కొడుకు పుట్టాల, పావలా లాంటి నాటికలతో ఊళ్ళల్లో పేరు మోగిపోయాక 1978లో మరో చరిత్రకి మాటలు రాశారు. తనికెళ్ళ భరణి గారు 1986లో లేడీస్ టైలర్, తెనాలి బుర్రా సాయిమాధవ్ గారు 2012లో కృష్ణం వందే జగద్గురుమ్. వీళ్ళెవరూ సినిమాకోసం నాటకం రాసినట్టు నాకు కనపడదు, నాటకంలో బాగా నలిగారు, ఆ నలిగింది సినిమావాళ్ళకి పనికొచ్చింది. ఇంకో సంగతి, గొల్లపూడి మారుతీరావు గారు రేడియోలో ఉద్యోగం చేస్తూనే 1964లో డాక్టర్ చక్రవర్తికి పనిచేశారు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. మీ రాజీనామా లెటర్ టైప్ చేసేముందు ఇది ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

లోపల పని ఎలా ఉంటుందంటే, కథ ఒకరిది ఉంటుంది, డైరెక్టర్ గారి ఆఫీసులో సిట్టింగులు, అక్కడ నలుగురైదుగురు రైటర్లు, అందులో మీరొకరు. టిఫిను, భోజనం, టీలు బాగానే వస్తాయి. సీనుకో లైను చొప్పున వన్‌లైన్ ఆర్డర్ అవుతుంది, తర్వాత ఏ సీన్లో ఏం జరుగుతుందో సీన్ ఆర్డర్, తర్వాత ఒక్కో సీనుకి డైలాగ్ వెర్షన్లు, మీదొకటి, పక్కవాడిదొకటి, రెండూ కలిపి మూడోవాడు ఫెయిర్ చేస్తాడు, సెట్లో హీరో గారి మనిషి నాలుగోది చెప్తాడు. మీరు రాసిన మాటల్లో ఏడో ఎనిమిదో తెర మీద వినపడితే ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నా. ఇది తప్పని కాదు, సినిమా అనేది డైరెక్టర్ మీడియం, అక్కడ రైటర్ పని అలాగే ఉంటుంది, నాటకంలోలాగా మన మాట మనదిగా ఉండిపోవాలి అనుకుంటే మాత్రం నలిగిపోతాం.

నలిగిన కథ నాది కూడా ఉంది. ఒక సినిమాకి ఎనిమిది నెలలు కూర్చున్నా, ఎవరిది అన్నది అనవసరం. అడ్వాన్స్ 25 వేలు ఇచ్చారు, మిగతాది షూటింగ్ మొదలయ్యాక అన్నారు, మొదలయ్యాక రిలీజ్ ముందు అన్నారు. అగ్రిమెంట్ అడిగితే "మనలో మనకి కాగితాలేంటి గురూ" అన్నారు, నేనూ మొహమాటపడి ఊరుకున్నా. మార్నింగ్ షోకి మా అబ్బాయిని తీసుకెళ్ళా, టైటిల్స్‌లో నాన్న పేరు వస్తుంది చూడరా అని. రాలేదు. వాడు చిన్నోడు, "అయిపోయాక వస్తుందేమో నాన్నా" అని లైట్లు వేసేదాకా కూర్చున్నాడు. ఇంతకంటే చెప్పను.

కాబట్టి కాగితం సంగతి శ్రద్ధగా వినండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం అంటే రాతపూర్వకంగానే ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకి అన్నది అందులో రాయకపోతే ఐదేళ్ళకి అని లెక్క, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే. 2012 సవరణ తర్వాత, థియేటర్లో ఆడటం కాకుండా మిగతా విధాలుగా సినిమాని వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వాటా రైటర్ వదులుకున్నా అని రాసిచ్చినా చెల్లదు. చట్టంలో ఉందని రేపే చేతికొస్తుందని కాదు, మీకు తెలిసి ఉండాలి అంతే. స్క్రిప్టు పూర్తిగా రాసి రచయితల సంఘంలో రిజిస్టర్ చేసుకున్నాకే నేరేషన్‌కి, అంటే కథ వినిపించడానికి, వెళ్ళండి.

కానీ రిజిస్టర్ చేశాను కదా అని ఐడియా మొత్తం నాదే అనుకోకండి. దీని మీద నాటకం రాసినవాడే వేసిన కేసు ఒకటుంది, ప్రతి బ్యాచ్‌కీ చెప్తా. ఆర్.జి. ఆనంద్ అని ఢిల్లీలో నాటక రచయిత, హమ్ హిందుస్తానీ అని నాటకం రాసి 1954లో వేశాడు, పంజాబీ, మద్రాసీ కుటుంబాలు పక్కపక్కన ఉండటం, ఆ రెండిళ్ళ పిల్లల ప్రేమ, ప్రాంతాల పట్టింపు. సినిమా తీస్తారేమో అని డైరెక్టర్‌కి కథ వినిపించాడు. 1956లో న్యూఢిల్లీ అని సినిమా వచ్చింది, అదే గొడవ మీద. కోర్టుకెళ్ళాడు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1978లో తీర్పు, ఓడిపోయాడు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది, రెండిటికీ తేడాలు చాలా ఉన్నాయి అని కోర్టు అంది. ఇరవై ఏళ్ళ పైన తిరిగాడు ఆ మనిషి. అందుకే నోటితో లైన్ చెప్పి రావడం కంటే సీన్లు రాసి ఉంచుకోవడం మేలు. టీ కొట్టు దగ్గర కథ చెప్పి మర్నాడు ఏడ్చేవాళ్ళని కృష్ణానగర్‌లో రోజుకొకరిని చూస్తా.

సీరియళ్ళ గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, అద్దె మాత్రం అవే కడతాయి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను ఇరవై, ఇరవైరెండు నిమిషాలు, వారానికి ఐదారు ఎపిసోడ్లు, కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఒకరు. మాటలు రాసేవాడికి పొద్దున సీన్ ఆర్డర్ వస్తే సాయంత్రానికి పేపర్లు వెళ్ళాలి, ఒక్కోసారి సెట్లో లైటింగ్ చేస్తుంటే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా డైలాగు చెప్పిన రోజులున్నాయి. అత్తగారికి వేరే సీరియల్‌లో డేట్లు పడ్డాయి అంటే ఆవిణ్ణి కాశీకి పంపాలి, మళ్ళీ ఖాళీ అయితే కాశీ నుంచి తేవాలి, నేను ఒకే అత్తగారిని నాలుగుసార్లు కాశీ పంపా, పుణ్యమంతా ఆవిడకే. నవ్వులాటకి చెప్తున్నా గానీ, చెయ్యి ఆగకుండా రాయడం, ఏడుపు రాకపోయినా టైమ్‌కి ఏడుపు సీన్ ఇవ్వడం అక్కడే వచ్చింది. చెడేం జరిగిందంటే, రెండేళ్ళు గట్టిగా సీరియల్ రాశాక నాటిక రాద్దామని కూర్చుంటే ప్రతి పాత్రా తన మనసులో ఉన్నదంతా గట్టిగా చెప్పేస్తోంది. అది వదిలించుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

ఇక క్లాసులు. మీరు దీన్ని మధ్యలో ఖర్చులకి అనుకుంటున్నారు, అక్కడే నాకు పేచీ. రెండు నాటికలు రాసినవాడు ఏం నేర్పుతాడు తమ్ముడూ, తప్పుగా అనుకోకండి. మొదటి అంకం, రెండో అంకం, ఇంటర్వెల్ బ్యాంగ్ ఎన్నో పేజీలో పడాలి, ఇదంతా ఎవరైనా చెప్తారు, యూట్యూబ్ నిండా ఉంది. పరుచూరి గోపాలకృష్ణ గారిలాంటివాళ్ళు యూట్యూబ్‌లో ఊరికే చెప్తున్నారు, ఆయన లెక్చరర్‌గా చేసి, నాటకాలు రాసి, వందల సినిమాలకి రాసి చెప్తున్నారు, అది వదిలి డబ్బులు కట్టి మీ దగ్గరకి ఎందుకు వస్తారు? మన దగ్గరకి వచ్చేది వాళ్ళు రాసింది మనం చదువుతామని. చదవడం అంటే వారానికి ముప్పై నలభై సీన్లు, అన్నీ బాగోవు, ఒక్కోదాంట్లో ఎక్కడ చచ్చిపోయిందో వెతికి పట్టుకోవాలి, పట్టుకుని వాడు బాధపడకుండా చెప్పాలి. నేను బ్యాచ్‌కి 12 మంది కంటే తీసుకోను, అంతకంటే చదవలేను.

మొన్న బ్యాచ్‌లో శ్రీకాకుళం కుర్రాడు ఒకడు, డెలివరీ పని చేస్తూ క్లాసుకొచ్చేవాడు. తండ్రీకొడుకుల సీన్ రాసుకొచ్చాడు, "నాన్నగారూ, మీరు నా భావాలను ఎన్నడూ అర్థం చేసుకోలేదు" అని మొదలు. ఇంట్లో నాన్నని ఏమంటావురా అన్నా. "అయ్య అంటాం సార్." మరి ఈ నాన్నగారు ఎవరు? అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. సరే, అయ్య చివరిసారి ఫోన్ చేసి ఏమన్నాడు అని అడిగా. "వానలు పడతన్నాయేట్రా అక్కడ అన్నాడు సార్." హైదరాబాద్‌లో వానలతో ఆయనకేం పని? వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాట్లున్నాయి సార్, డబ్బులు కావాల. అడగలేక వానల గురించి అడిగాడు" అన్నాడు. మరి నువ్వేమన్నావు? "పడతన్నాయి అన్నాను. నా దగ్గర లేవు సార్ ఆ నెల." ఇంక నవ్వు లేదు క్లాసులో. తర్వాతి వారం ఆ సీన్ తెచ్చాడు, అరపేజీ, అందులో డబ్బులు అన్న మాటే లేదు. నేను దాంట్లో ఒక కామా కూడా మార్చలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి నా సొంత నాటిక డ్రాఫ్టులో రెండు పేజీలు కొట్టేశా. అంటే క్లాసు వల్ల నాకూ లాభమే, కాకపోతే రాసే ఓపిక అక్కడే సగం ఖర్చవుతుంది, అందుకే ఏడాదికి మూడు నెలలు క్లాసులు పెట్టను.

పద్ధతిగా టీచింగ్ వైపు వెళ్ళాలనుంటే దారి వేరే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో, తెలుగు యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖలున్నాయి, అక్కడ పీజీ చేసి, కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకి అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో పర్ఫామింగ్ ఆర్ట్స్ సబ్జెక్టు ఉంది, అది రాయొచ్చు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రైటింగ్ కోర్సు ఉంది, అది ఎంట్రన్స్. పర్మనెంట్ పోస్టులు మాత్రం ఎప్పుడు పడతాయో దేవుడికే ఎరుక. గెస్ట్ ఫ్యాకల్టీగా నేనూ ఒకచోట రెండేళ్ళు వెళ్ళా, క్లాసుకి ఇంత అని ఇస్తారు, ఆ ఇచ్చేది ఏ నెలలో ఇస్తారన్నది సస్పెన్స్, స్క్రీన్‌ప్లే మనకంటే అకౌంట్స్ సెక్షన్ వాళ్ళకే బాగా వచ్చు.

మరి నన్నేం చెయ్యమంటారు అంటే, బ్యాంకులో రెండో శనివారం, నాలుగో శనివారం సెలవే కదా. ఏలూరు నుంచి తెనాలి ఎంతో దూరం లేదు, ఏదో ఒక టీమ్ రిహార్సల్‌లో వెళ్ళి కూర్చోండి, మీ నాటిక కాకపోయినా సరే, ప్రాంప్టింగ్ చేస్తానంటే ఎవరూ వద్దనరు. ప్రాంప్టింగ్ పట్టుకుంటే నటుడు ఏ మాట దగ్గర తడబడుతున్నాడో చెవికి దొరుకుతుంది. ఆకాశవాణికి ఒక రేడియో నాటకం రాసి పంపండి, సెట్టు లేదు, మొహం కనపడదు, మాటా శబ్దమే దిక్కు. ఇంకో రెండు మూడేళ్ళు ఇలా చేసి, ఐదారు నాటికలు ఆడి, చేతిలో ఒక పూర్తి సినిమా స్క్రిప్టు, ఏడాది ఖర్చులకి డబ్బులు ఉన్నప్పుడు హైదరాబాద్ సంగతి చూద్దాం. అప్పటికీ రాజీనామా కాకుండా లాంగ్ లీవ్ దొరుకుతుందేమో అడగండి.

సాఫ్ట్‌వేర్ దేనికండీ, గూగుల్ డాక్స్ చాలు, ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు, టేబుల్ గీసుకుంటే అయిపోయె. యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో మాత్రం కొట్టించకండి, డైరెక్టర్ గారు ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి, ఆయన మళ్ళీ అడగరు, మీకూ ఎందుకు పిలవలేదో తెలీదు, నాకు రెండుసార్లు అయింది. యూనికోడ్‌లో కొట్టి పీడీఎఫ్ చేసి పంపండి. ఆ ద్వితీయ బహుమతి వచ్చిన నాటిక కూడా అలాగే చేసి నాకు మెసేజ్‌లో పెట్టండి, సీరియల్ పేపర్లు అయ్యాక రాత్రి చదువుతా, వారం పట్టొచ్చు.